ఆడపిల్లలకి ఐదు, మగపిల్లలకి ఒకటి

ముప్పై మూడేళ్ళకే రిటైరయ్యానంటే ఎవరూ నమ్మరు. పెన్షనెప్పుడు మొదలవుతుందని మా ఆయన అడుగుతుంటారు. కానీ నా లెక్కలో ఇది రిటైర్మెంటే. విజయనగరంలో ఒక సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకున్నాను. సర్టిఫికెట్టు, ఆపైన డిప్లొమా. తర్వాత అదే కళాశాలలో తాత్కాలిక పద్ధతి మీద గాత్రం నేర్పాను. ఇప్పుడు మానేసి కొత్తవలసలో, రైలు పట్టాలకి దగ్గరగా ఉన్న క్వార్టర్స్‌లో, రెండేళ్ళ పాపని పెంచుతున్నాను. అది పడుకున్నాకే నాకు రాసుకోవడానికి కుదురుతుంది. నిద్రలో కాస్త దగ్గితే చాలు, లేచి వెళ్ళి ఛాతీ మీద చెయ్యి వేసి చూస్తాను. ఊపిరి బాగానే ఉంటుంది. అయినా చూస్తాను.

ఈ ఏడాది గాత్రంలో చేరబోయే పిల్లల కోసం రాస్తున్నాను. ఎవరికి ఏ ర్యాంకు వచ్చింది, ఎవరికి ఏ బిరుదు ఇచ్చారు అనేవి ఇందులో ఉండవు. అవి చెప్పడానికి శాలువాలు కప్పుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

సాధన అనే మందు

బయటివాళ్ళు అనుకునేదేమిటంటే, సంగీత కళాశాల అంటే తంబురా మీటుకుంటూ ప్రశాంతంగా కూర్చునే చోటు అని. మా గది ఒక పక్క డోలు క్లాసు, ఇంకో పక్క నాదస్వరం. మధ్యలో మేము మాయామాళవగౌళలో సరళీస్వరాలు పాడాలి. పాడటం కాదు, అరవడం. అరవకపోతే మన గొంతు మనకే వినపడదు. మాస్టారు ఒకసారి "గొంతు విప్పి పాడండర్రా" అంటారు. అలా పాడితే "ఏటీ ఆ కేకలు, సంతలో ఉన్నామా" అంటారు. ఊపిరి ఎక్కడినుంచి తీయాలి, ఎక్కడ ఆపాలి, గొంతులో ఏ భాగం కదులుతుంది అన్నది నేను చదివిన అన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. కీర్తనలు మాత్రం గంపల కొద్దీ వచ్చాయి.

గొంతు బొంగురుపోతే సాధన చెయ్యాలి. పై స్థాయి అందకపోతే సాధన చెయ్యాలి. జ్వరం వచ్చి క్లాసుకి రాకపోతే, సాధన తక్కువై జ్వరం వచ్చింది. మా ఊళ్ళో మెడికల్ షాపువాడు కూడా అన్ని రోగాలకీ ఒకే బిళ్ళ ఇవ్వడు.

మా పెద్ద మాస్టారి గురించి ఇక్కడే చెప్పాలి. గాత్ర విభాగానికి పెద్ద ఆయనే. నాకు గురువు, తర్వాత పై అధికారి. ఆయన పాడితే కూర్చుని వినాల్సిందే, అందులో సందేహం లేదు. భైరవి రాగం అందుకుంటే డోలు క్లాసు కూడా ఆగేది. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఒకటే. తన గొంతుకి ఏది పనిచేసిందో అది లోకంలో అందరి గొంతులకీ పనిచేస్తుందని ఆయన నమ్మకం.

రెండు మృదంగాలు

సంగీతం తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పి ముందుకి వెళతాను. శ్రుతి అంటే మన "స" నిలబడే చోటు. హార్మోనియం మీద ఒక్కో మెట్టుకి ఒక్కో అంకె ఉంటుంది. ఎవరి గొంతు ఏ మెట్టు మీద సుఖంగా కూర్చుంటుందో అది వాళ్ళ శ్రుతి. చెప్పుల సైజులాంటిది. ఒకరికి సరిపోయింది ఇంకొకరిని కరుస్తుంది.

మా కళాశాలలో ఆడపిల్లలకి ఐదు, మగపిల్లలకి ఒకటి. అంతే. ఎవరి గొంతు ఎలాంటిదైనా సరే. ఎందుకలా అని నేను చదువుకునే రోజుల్లో అడిగితే సంప్రదాయం అన్నారు. ఉద్యోగంలో చేరాక అసలు కారణం తెలిసింది. గాత్రం క్లాసులకి ఉన్నవి రెండే మృదంగాలు. ఒకటి ఐదుకి పలుకుతుంది, రెండోది ఒకటికి. మృదంగం శ్రుతిని రాయి పెట్టి కొట్టి కొంచెం అటూఇటూ జరపొచ్చు గానీ, వీణ తీగ తిప్పినట్టు తిప్పేయలేం. కొత్త మృదంగం అడిగితే ప్రతిపాదన పంపాం అంటారు. అది ఎక్కడికి వెళ్ళిందో పంపినవాళ్ళకీ తెలీదు. అందుకని మృదంగానికి సరిపోయేలా పిల్లల గొంతులు చెక్కుతున్నాం. దానికే సంప్రదాయం అని పేరు.

పరీక్షలకీ ఇదే వరస. పొద్దున్న ఆడపిల్లలు, మధ్యాహ్నం మగపిల్లలు. మధ్యలో భోజనాలప్పుడు వయొలిన్ మాస్టారు తీగలు మార్చి శ్రుతి చేసుకుంటారు. ఆయనకి ఆ పని అంటే మహా చిరాకు. రోజుకి ఒకసారికి మించి తీగ మీద చెయ్యి వెయ్యనని ఒట్టు పెట్టుకున్నట్టు ఉంటారు.

సువార్త

సువార్త డిప్లొమాలో నా దగ్గరికి వచ్చింది. టెక్కలి దాటి భావనపాడు వెళ్ళే దారిలో వాళ్ళ ఊరు. తండ్రి లారీ డ్రైవరు, నెలలో సగం సాలూరులోనే ఉంటాడు. వాళ్ళది బాప్టిస్టు సంఘం. చర్చి క్వయర్‌లో, అంటే పాటల బృందంలో, చిన్నప్పటినుంచి పై గొంతు వరస పాడేది. అక్కడ క్వయర్ నడిపే పెద్దావిడ పాశ్చాత్య గాత్రం నేర్చుకున్న మనిషి. సువార్తకి ఊపిరి పట్టడం, నోరు గుండ్రంగా తెరవడం నేర్పింది. ఒపేరా అనే పాశ్చాత్య సంగీత నాటకాల పాటలు ఫోన్లో వినిపించింది. విజయనగరం హాస్టల్‌కి వచ్చాక కూడా సువార్త ఆదివారాలు ఇక్కడి చర్చిలో పాడుతూనే ఉంది. అంటే, మేము నేర్పని వాటన్నిటినీ ఆ పిల్ల చర్చిలో నేర్చుకుని మా దగ్గరికి వచ్చింది. మేము వాటిని పోగొట్టే పనిలో పడ్డాం.

పెద్ద మాస్టారు మొదటిరోజే ఆ గొంతుని దొంగ గొంతు అన్నారు. కిందనుంచి, ఛాతీ నుంచి రాని గొంతుని మావాళ్ళు అలా అంటారు. ఐదులో మంద్ర పంచమం, అంటే కింది స్థాయి ప, అందుకోమన్నారు. ఆ పిల్ల గడ్డం మెడకి ఆనించి, కళ్ళు మూసుకుని, ఎలాగో ఒక గురగుర శబ్దం తీసింది. అదిగో ఇప్పుడు వస్తోంది గాంభీర్యం అన్నారాయన. పిల్లలందరూ ఆమెని ఒపేరా అని పిలవడం మొదలుపెట్టారు. ఏమే ఒపేరా, టిఫిను తిన్నావా. ఏమే ఒపేరా, సరళి అప్పజెప్పవే. ఆమె కూడా నవ్వేది.

రెండో ఏడాదికి ఆ నవ్వు కూడా బొంగురుపోయింది. మాట్లాడుతుంటే మధ్యలో గాలి మాత్రమే వచ్చేది. నేనూ ముందు అందరిలాగే మిరియాలు, అల్లం, ఆవిరి పట్టడం చెప్పాను. తగ్గలేదు. శ్రీకాకుళంలో గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. ఆయన కెమెరా పెట్టి చూసి, గునపం పట్టినవాళ్ళ అరచేతుల్లో కాయలు కాసినట్టు గొంతు తీగలకి రెండువైపులా కాయలు కాశాయన్నారు. కొన్నాళ్ళు పూర్తిగా మౌనం. ఆ తర్వాత గొంతుకి సుఖంగా ఉన్నచోటే పాడాలి. ఇలాగే నొక్కి పాడితే పాట సంగతి దేవుడెరుగు, క్లాసులో పిల్లలతో మాట్లాడటానికి కూడా గొంతు ఉండదని చెప్పారు.

ఆమె చదువుతున్నదే క్లాసులో పిల్లలతో మాట్లాడటానికి. డిప్లొమా చేతికొస్తే గురుకుల పాఠశాలలో సంగీతం టీచరు పనికి వెళ్ళాలని ఆమె కోరిక. కొన్ని నెలల్లో చివరి పరీక్ష. పరీక్షలో ఐదులో పాడితే గొంతు పోతుంది. పాడకపోతే డిప్లొమా పోతుంది.

ఈ సంగతి స్టాఫ్ రూములో పెద్ద మాస్టారికి చెప్పాను. ఆ పిల్లది పై గొంతు, ఐదు ఆమెకి మరీ కింద, అక్కడ పాడించవద్దన్నాను.

"పై గొంతు కాదమ్మా భారతీ, అలవాటు. చర్చిలో ఒపేరా కూతలు కూసి కూసి గొంతు ఎక్కడుండాలో మర్చిపోయింది. గొంతుకి బరువుండాలి."

"లేని బరువు ఎక్కడినుంచి తెస్తాం మాస్టారూ?"

"సాధన," అన్నారాయన. వయొలిన్ మాస్టారు పేపరు వెనకనుంచి దగ్గారు. అది నవ్వో దగ్గో ఈరోజుకీ నాకు తెలీదు.

కొత్తవలసలో ఆదివారాలు

అప్పటికి మా పాపకి పళ్ళు కూడా రాలేదు. ఆపరేషన్ కాన్పు. పొట్ట కింద కుట్లు లాగుతుంటే నాకే ఊపిరి నిలిచేది కాదు. పొద్దున్న పాలిచ్చి, పాసింజరు ఎక్కి విజయనగరం వెళ్ళి, క్లాసు మధ్యలో జాకెట్టు తడిసిపోతుంటే కొంగు కప్పుకుని కళ్యాణి రాగం చెప్పిన రోజులవి. మీలో ఎవరైనా పెళ్ళయ్యాక ఈ పనిలోకి వస్తే, ఇది కూడా ఉద్యోగంలో భాగమేనని తెలుసుకోండి. ఎవరూ చెప్పరు.

సువార్తని ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి రమ్మన్నాను. మౌనం పాటించిన వారాల్లో ఊరికే వచ్చి కూర్చునేది. చెప్పాల్సింది ఫోన్లో టైపు చేసి చూపించేది. పాపని ఆడించేది. మా అత్తమ్మకి ఆ పిల్ల తెగ నచ్చింది. "ఈ గుంట బంగారం. మాటాడదు, ఇన్నదంతా కడుపులో పెట్టుకుంటాది. నీకు నేర్పితే బాగున్ను ఆ ఇద్దె," అనేవారు నాతో.

మా పాప ఏడ్చేది. ఆ వయసు పిల్లలు ఏడ్చినట్టే, గంటల తరబడి, ఒళ్ళంతా ఎర్రబడేలా. నాకేమో గుండె దడ, ఏదో అయిపోతోందని. సువార్త ఒకరోజు ఫోన్లో రాసి చూపించింది: "ఇంతసేపు ఏడ్చినా పాప గొంతు పోలేదు మేడం." నిజమే. పొట్ట పైకీ కిందికీ కదులుతూ, నోరు పూర్తిగా తెరిచి, తనకి సుఖమైన చోట ఏడుస్తోంది. ఐదులో ఏడవమని ఎవరూ చెప్పలేదు. నా ప్రాణం పోతోంది గానీ దాని గొంతుకి ఏమీ కాలేదు.

డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టాం. శ్రుతిపెట్టె ముట్టుకోలేదు. తంబురా లేదు. వీధి చివరున్న మనిషిని పిలుస్తున్నట్టు "అమ్మా" అని పిలవమన్నాను. అక్కడినుంచి మెల్లగా ముక్కుతో మూలగమన్నాను. మూలుగు ఎక్కడికి వెళ్ళి ఆగితే అక్కడే ఆగనిచ్చాను. నాలుగు ఆదివారాలో, అయిదో, ప్రతిసారీ ఒకే చోటికి వచ్చి కూర్చుంది. ఫోన్లో శ్రుతి పెట్టి సరిచూశాను. ఒకటి. మగపిల్లల ఒకటే, కాకపోతే వాళ్ళకి ఒక స్థాయి పైన, అంటే ఆడపిల్లల ఐదుకి కూడా పైన.

నేను తప్పు చూశానేమోనని మళ్ళీ చూశాను. సువార్త నా ఫోను వైపు వంగి చూసి అంది.

"మేడం, సర్చిలో మా కీబోర్డు ఎప్పుడూ సి లోనే పెడతారు. ఇదే కదా అది?"

అదే. వాళ్ళ సి, మా ఒకటి, ఒకే మెట్టు. రెండేళ్ళపాటు ఆ పిల్ల ఆదివారం ఒక పేరుతో సుఖంగా పాడింది, సోమవారం ఇంకో చోట గొంతు నొక్కుకుంది. వారంలో ఆరు రోజులు పాడుచేసినదాన్ని ఏడో రోజు కాస్త బాగుచేసుకుంటూ వచ్చింది. అందుకే గొంతు పూర్తిగా పోకుండా ఆమాత్రమైనా మిగిలింది. మా దగ్గర ఎవరూ చర్చిలో ఏ శ్రుతిలో పాడతావని అడగలేదు. చర్చిలో ఎవరూ కళాశాలలో ఏ శ్రుతి అని అడగలేదు.

ఆ శ్రుతిలో శంకరాభరణం పాడమన్నాను. పై షడ్జమం, అంటే పై స మీద నిలబడింది. ఎక్కడా లాగలేదు, నొక్కలేదు. వంటింట్లోంచి అత్తమ్మ గరిటెతోనే వచ్చారు.

"ఎవులే ఆ పాడింది? ఈ గుంటేనా? మరిన్నాళ్ళూ ఎవుల గొంతు పెట్టుకుని పాడిందమ్మా?"

పరీక్ష

పెద్ద మాస్టారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఒకటికి సరిపోయే మృదంగం మన దగ్గరే ఉంది, మధ్యాహ్నం మగపిల్లలతో పాటు సువార్తని కూడా పాడనివ్వండి, ఎవరికీ అదనపు పని లేదన్నాను. ఆయన ఏదో ఘోరమైన అపచారం విన్నట్టు ముఖం పెట్టారు. ఆడపిల్ల మగ శ్రుతిలో పాడటమేమిటి, బయటినుంచి వచ్చే పరీక్షాధికారి ఏమనుకుంటారు, ఇన్నేళ్ళలో లేనిది ఇప్పుడెందుకు అన్నారు. నేనూ గొంతు పెంచాను. ఆయనా పెంచారు. ఇద్దరం మంచి శ్రుతిలోనే తిట్టుకున్నామని తర్వాత మృదంగం వాయించే ఆయన అన్నారు.

దారి చూపించింది వయొలిన్ మాస్టారే, అదీ విసుక్కుంటూ. పొద్దున్న పేరు పిలిచినప్పుడు లోపల లేనివాళ్ళని ఏం చేస్తారని అడిగాను. చివర్న పిలుస్తారమ్మా, ఎప్పుడూ అంతే కదా, బస్సు తప్పినవాళ్ళు ఉంటారు అన్నారు. చివర్న అంటే మగపిల్లలందరూ అయ్యాక. అప్పటికి వయొలిన్, మృదంగం రెండూ ఒకటిలోనే ఉంటాయి. ఆ మాట అనేసి ఆయన నావైపు చూశారు. "నన్ను మాత్రం మళ్ళీ తీగలు మార్చమనకండి," అన్నారు.

కానీ చివర్న పిలవడం ఆనవాయితీ మాత్రమే, నియమం కాదు. పెద్ద మాస్టారికి కోపమొస్తే గైర్హాజరు అని కొట్టేయొచ్చు. అలా కొట్టేస్తే ఏడాది పోయినట్టే. సువార్తకి రెండూ చెప్పాను. నిర్ణయం నీదే అన్నాను. ఆమె రాత్రంతా ప్రార్థన చేసుకున్నానని చెప్పి, "బయటే ఉంటాను మేడం," అంది.

పరీక్షరోజు పొద్దున్న ఇద్దరం వెనకవైపు వరండాలో నిలబడ్డాం. లోపలినుంచి ఆమె పేరు పిలిచారు. ఆగి, మళ్ళీ పిలిచారు. ఆమె కాలు ముందుకి కదలడం చూశాను. నేను ఆపలేదు, వెళ్ళమననూ లేదు. తర్వాత ఇంకో అమ్మాయి పేరు పిలిచారు. అప్పుడే నా ఫోను మోగింది. పాపకి ఒళ్ళు వెచ్చగా ఉందని అత్తమ్మ. స్టేషనుకి పరిగెత్తాలనిపించింది. ఆవిడే అన్నారు: "కంగారు పడకు. ఒళ్ళు మరీ కాల్తా నేదు, మందేసినాను. ఆ పిల్ల పాడినాక రా. మద్దిలో ఒగ్గేసి వస్తే నేను తలుపు తియ్యను." ఇప్పటికీ ఆవిడతో నాకు రోజుకొక గొడవ. కానీ ఆ మాట మర్చిపోలేను.

సాయంత్రం కావస్తుండగా సువార్త లోపలికి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. పొద్దున్న ఎక్కడికి పోయావని పెద్ద మాస్టారు గద్దించారు. ఇప్పుడు మగ శ్రుతి కట్టేశాం, ఎలా పాడతావు అన్నారు.

"ఇందులోనే పాడతానండి," అంది సువార్త.

ఆయన నావైపు చూశారు. ఆ చూపులో నా ఉద్యోగం కూడా కనిపించింది. గైర్హాజరు అని రాయడానికి చెయ్యి కదిలింది. పరీక్షాధికారి బయటి జిల్లానుంచి వచ్చిన పెద్దావిడ. పొద్దుటినుంచి వినీ వినీ అలిసిపోయి ఉన్నారు. "పాడనివ్వండి మాస్టారూ, నా రైలు టైమవుతోంది," అన్నారు. ఒక పిల్ల భవిష్యత్తు రైలు టైము మీద ఆధారపడింది. ఈ వృత్తిలో ఇలాంటివే ఎక్కువ.

వర్ణం పాడింది. కీర్తన పాడింది. కళ్యాణిలో ఆలాపన అడిగారు. పై గాంధారం దగ్గర మామూలుగా మా పిల్లలందరూ కళ్ళు గట్టిగా మూసుకుంటారు. సువార్త కళ్ళు తెరిచే ఉన్నాయి. అక్కడ నిలబడి, కొంచెం చుట్టూ తిరిగి, నింపాదిగా దిగింది. వయొలిన్ మాస్టారు వెంటనే అందుకోలేక ఒక్క క్షణం ఆగిపోయారు.

పరీక్షాధికారి అడిగారు. "నీ శ్రుతి ఇదేనా?"

"ఇదేనండి."

"మరి ఇన్నాళ్ళూ ఎందులో పాడావు?"

సువార్త ఒకసారి పెద్ద మాస్టారి వైపు చూసింది. "నేర్చుకుంటా ఉన్నానండి," అంది.

తర్వాత

మొదటి తరగతిలో పాసయింది. ఇప్పుడు మన్యంలో ఒక గురుకులంలో సంగీతం చెబుతోంది. డాక్టరుకి మళ్ళీ చూపించుకుంది, కాయలు కరిగిపోయాయట. కథ ఇక్కడితో ఆపేస్తే బాగుండును. నేను ఉద్యోగం మానేసింది ఆ పరీక్ష గొడవకి కాదు మరి.

ఆ ఏడాది వార్షికోత్సవంలో పెద్ద మాస్టారు సువార్తని పిలిపించి పాడించారు. మైకు పట్టుకుని, ఒకటో శ్రుతిలో పాడగల ఆడపిల్ల ఈ ప్రాంతంలో మరొకరు లేరని, ఆ గొంతుని తాము గుర్తించి పైకి తెచ్చామని చెప్పారు. నేను మూడో వరసలో పాపని ఒళ్ళో పెట్టుకుని చప్పట్లు కొట్టాను. పోనీలే అనుకున్నాను. పిల్ల బాగుపడింది, పేరు ఎవరు తీసుకుంటే ఏం.

సెలవులయ్యాక క్లాసుకి వెళితే మొదటి సంవత్సరం ఆడపిల్లలందరూ ఒకటిలో అరుస్తున్నారు. ఒక్కరికీ పై షడ్జమం అందడం లేదు. మెడ నరాలు బిగుసుకుపోయి, ముఖాలు కందిపోయి. ఐదుకి పలికే మృదంగాన్ని బట్ట కప్పి బీరువా మీద పెట్టేశారు. ఇకమీదట ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఒకే శ్రుతి, ఒకే మృదంగం, పరీక్షలో తీగలు మార్చే పని కూడా లేదు. వయొలిన్ మాస్టారు ఆనందంగా ఉన్నారు.

పరిగెత్తుకుంటూ వెళ్ళి, ఒకటి సువార్త శ్రుతి మాస్టారూ, అందరిదీ కాదు అన్నాను.

ఆయన నిజంగా అర్థం కానట్టు చూశారు. కోపం కూడా లేదు.

"ఒకటిలో పాడించమని గొడవ పెట్టింది నువ్వే కదమ్మా. పాడిస్తున్నాం. ఇప్పుడు వద్దంటే ఎలాగ?"

ఆ నెలాఖరుకి మానేశాను. పాప కోసం మానేశానని అందరికీ చెప్పాను. ఎవరూ ప్రశ్న వెయ్యని కారణం అది.

మీరు చేరబోతున్నారు కాబట్టి చెబుతున్నాను. పెద్ద మాస్టారి దగ్గర కీర్తనలు నేర్చుకోండి, అంత పాఠం మరెక్కడా దొరకదు. కానీ ఇది మీ శ్రుతి అని ఎవరైనా మొదటిరోజే చెబితే నమ్మకండి. గొంతు మండితే ఆపండి. సాధన అన్నారని మంటని భరించకండి.

మొన్న ఆదివారం మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చీపురుపల్లి దగ్గర రైతుల పిల్ల. మాట వింటేనే తెలుస్తోంది, కింది గొంతు, నిండైన గొంతు. ఒకటిలో అరిచీ అరిచీ చీలిపోయింది. సువార్త నంబరు ఎవరో ఇచ్చారట, ఆమె నా దగ్గరికి పంపింది. చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే నిలబడి అంది.

"నా సురుతి ఏటో నాకు తెలీదు మేడం. అందరికీ తెలుసట. నాకే తెలీదు."

ఇన్నేళ్ళలో ఆ కళాశాల నుంచి వచ్చినవాళ్ళ నోట నేను విన్న తెలివైన మాట అది. లోపలికి వచ్చి కూర్చోమన్నాను. వీధి చివరున్న మనిషిని పిలవమన్నాను.